రొయ్య బెదరని ఎర్ర దీపం: కొన్నేళ్ల వాడకం తరువాత

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ పగడపు దిబ్బల మీద, చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరి తినే క్లీనర్ రొయ్యలను నీటి అడుగున ఫోటో తీయడానికి నేను వాడే ఫోకస్ లైటు (కెమెరాకు గురి కుదిరేలా వెలుగునిచ్చే దీపం) వెలుగెంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అన్న వివరాలు దాని డబ్బా మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. ఇన్నాళ్లూ దానిని వదలకపోవడానికి కారణం అందులోని ఎర్ర కాంతి ఒక్కటే.

వీపు పొడవునా తెల్ల చార ఉండే లైస్మాటా అంబోయినెన్సిస్ అనే క్లీనర్ రొయ్య తన ఒంటి ఎరుపును తానే గుర్తించలేదు. దాని కంటిలో ఉన్న ఒకే రకం కాంతి గ్రాహకాలు ఆకుపచ్చ వెలుగుకే ఎక్కువగా స్పందిస్తాయి. అందుకే తెల్ల దీపం పడగానే సందులోకి జారుకునే రొయ్య, ఎర్ర దీపంలో తెల్లని మీసాలు ఊపుతూ చేప మొప్పలలో తన పని తాను చేసుకుంటుంది. వెనామీ రొయ్యల గుంటల గట్ల మీద పెరిగిన నెల్లూరు జిల్లావాడిని, రొయ్య అంటే మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలో ఎగిరిపడేదిగానే ఎరుగుదును. అది మోరే పాముచేప నోటిలో నింపాదిగా తిరగడం ఎంతసేపు చూసినా తనివి తీరదు.

సరిగ్గా అటువంటి నోటి ముందే ఈ లైటు మొరాయించింది. మీట ఒకసారి నొక్కితే ఎరుపు, మళ్లీ నొక్కితే తెలుపు రావాలి. ఉప్పు పేరుకున్న మీట లోపలే ఇరుక్కుపోవడంతో ఎరుపును దాటి పూర్తి తెలుపు భగ్గుమంది. పాముచేప వెనక్కి లాక్కుంది, రొయ్యలు మాయమయ్యాయి, నా సిలిండర్‌లో గాలి అయిపోయే వరకు ఒక్కటీ బయటికి రాలేదు. అమ్మినవారు వారంటీ గడువు ముగిసిందన్నారు. చివరికి మా ఊరిలో గుంటల నీటికి గాలి అందించే ఏరియేటర్ మోటార్లు బాగుచేసే మేస్త్రీ మీట ఊడదీసి, గోరువెచ్చని మంచినీటిలో నానబెట్టి, సిలికాన్ గ్రీజు పూసి ఇచ్చాడు. అప్పటినుంచి సతాయించలేదు, కానీ ప్రతి డైవ్ తరువాత మంచినీటిలో ముంచి మీటను పదే పదే నొక్కవలసి వస్తోంది.

పగలైనా రాత్రైనా ఇదొక్కటి చాలునని కొన్న కొత్తలో మిత్రులకు చెప్పాను. రాత్రి డైవ్‌లకు, చీకటి సందులకు ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. నీరు ఎరుపును త్వరగా మింగేస్తుంది కనుక పగటిపూట మూరెడు దూరం దాటితే దీని ప్రయోజనం తక్కువే, పైగా నా చిన్న కెమెరా ఆ కాంతిలో ఫోకస్ కోసం తడుముకుంటుంది. రొయ్య అసలు రంగు రావాలంటే ఎలాగూ ఫ్లాష్ ఉండాలి.

ఏడాదికోసారి చెన్నై మీదుగా అండమాన్ వెళ్లి చిన్న ప్రాణుల కోసమే నీటిలోకి దిగే నాకు ఇది సరిపోయింది. వీడియోలు తీసేవారు ఇదే ధరలో వెలుగు ఎక్కువున్నది చూసుకోవడం మేలేమో. మైపాడు తీరంలో వాడుదామని మాత్రం కొనవద్దు; మన బురద నీటిలో ఏ రంగు దీపమైనా ఒకటే.