బోరు నీళ్ల గారకి నిమ్మ ఉప్పు: ఎంత వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు

కెటిల్ అడుగున, హీటర్ రాడ్ మీద, కుళాయి మూతి చుట్టూ పేరుకునే తెల్ల గారకి చవకగా దొరికేవాటిలో కిరాణా కొట్టు నిమ్మ ఉప్పుదే (సిట్రిక్ యాసిడ్ పొడి) మొదటి స్థానం. వెనిగర్ రెండోది. మిగతా చిట్కాల్లో చాలావరకు శ్రమే మిగులుతుంది.

బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. బకెట్ కంటే రాడ్‌కే గార ఎక్కువ పట్టేది అందుకే. పులుపు ఏదైనా దాన్ని కరిగిస్తుంది. నిమ్మరసంలో ఆమ్లం 5 శాతం దగ్గరే ఉంటుంది, మరి కెటిల్ నిండాలంటే ఎన్ని కాయలు పిండాలి? వెనిగర్‌ది అంతే బలం, పైగా ఘాటు. చింతపండు ఇత్తడి, రాగి సామాన్లకు భేషైనది కానీ గార మీద నెమ్మది. వంట సోడా గారను అసలు కరిగించదు. వెనిగర్‌లో సోడా కలిపితే వచ్చే పొంగును చూసి చాలామంది నమ్ముతారు. ఆ పొంగులో ఆమ్లమే ఖర్చైపోతుంది, గార అలాగే ఉంటుంది.

కెటిల్‌కి లీటరు గోరువెచ్చని నీళ్లలో 2 టేబుల్ స్పూన్ల నిమ్మ ఉప్పు, అంటే 25–30 గ్రాములు, కొంచెం కొంచెంగా వెయ్యండి. బుడగలు వస్తాయి. అరగంట తర్వాత పారబోసి రెండుసార్లు కడిగి, ఒకసారి మంచినీళ్లు కాచి అవి కూడా పారబోయాలి. ఎక్కువమంది చేసే తప్పు ఆ పులుపు నీళ్లనే తెగ మరిగించడం. గార మందంగా ఉన్నప్పుడు అలా చేస్తే కాల్షియం సిట్రేట్ తెల్లపొడిలా అడుగుకు దిగుతుంది. వేడి నీళ్లలో అది ఇంకా తక్కువగా కరుగుతుంది. 30 గ్రాముల పొడి మహా అయితే 20 గ్రాముల పైచిలుకు గారను తినగలదు కాబట్టి, మందపు గారకు కొత్తగా కలిపిన నీళ్లతో రెండు విడతలు చెయ్యడమే సరైన పద్ధతి.

రాడ్‌ని ప్లగ్ తీసి, చల్లారాక ప్లాస్టిక్ బకెట్‌లో ఇవే నిమ్మ ఉప్పు నీళ్లలో కాయిల్ వరకే ముంచండి. వైరు దిగే తలభాగం తడవకూడదు. మెత్తబడ్డ గారను పాత బ్రష్‌తో తోమాలి, కత్తితో గీకితే పైతొడుగుకు చిల్లు పడి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. కుళాయికి ఈ నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి 20 నిమిషాలు ఉంచితే చాలు. క్రోమ్ పూత ఇప్పటికే లేచిపోయి ఉంటే అంతసేపు కూడా వద్దు.

కడప బండ, తాండూరు బండ, మార్బుల్, మొజాయిక్ మీద చుక్క కూడా పడనివ్వకండి. ఆ రాళ్లలోనూ ఉన్నది కాల్షియం కార్బొనేటే, మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. టైల్స్ సందుల్లోని సిమెంటుకూ ఇది పడదు. అల్యూమినియం గిన్నెలను పులుపు తినేస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం.

చుక్క వేసినా బుడగ రాలేదంటే అది సిలికా లాంటి మరో మరక కావచ్చు. దానికి నిమ్మ ఉప్పు ఎంత పోసినా వృథా. స్టోరేజీ గీజరు ట్యాంకు లోపలి గార మెకానిక్ పని, విప్పినప్పుడు ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్ కూడా చూడమనండి.

కొనేటప్పుడు ముద్ద కట్టిన ప్యాకెట్ అని భయపడక్కర్లేదు, పులుపు తగ్గదు. చూడ్డానికి పంచదారలా ఉంటుంది, డబ్బా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టండి.