తోంబానా, థోయెనీనా: ఇటలీ స్కీయింగ్‌లో ఎవరు గొప్ప?

ఆల్పైన్ స్కీయింగ్ (మంచు వాలుల మీద కిందికి దూసుకొచ్చే ఆట) ప్రపంచ కప్‌లో అన్ని రకాల పందేల పాయింట్లు కలిపి సీజన్ మొత్తానికి ఇచ్చే ఓవరాల్ టైటిల్‌ను ఇటలీ మగవాళ్లలో ఇప్పటికి ముగ్గురే గెలిచారు. గుస్తావ్ థోయెని నాలుగుసార్లు (1971, 1972, 1973, 1975), పియెరో గ్రోస్ 1974లో, అల్బెర్తో తోంబా 1995లో. లెక్క ఇంత తేటగా ఉన్నా, ఇటలీ స్కీయర్ అనగానే అందరి నోటా వచ్చే పేరు తోంబాదే. అందుకు కారణం లేకపోలేదు. రిటైరైన తోంబా, థోయెనిలను పక్కపక్కన పెట్టి చూడాలంటే ముందు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

తోంబా మంచుకొండల్లో పుట్టలేదు. బొలోన్యా దగ్గర మైదానంలో, డబ్బున్న బట్టల వ్యాపారి ఇంట్లో 1966లో పుట్టాడు. భారీ మనిషి, మాటకారి, పార్టీలంటే సరదా. ముద్దుపేరు 'లా బోంబా', అంటే బాంబు. 1988 ఫిబ్రవరి 27 రాత్రి ఇటలీ టీవీలో సన్‌రెమో పాటల పోటీ ఫైనల్ నడుస్తోంది. దేశమంతా కళ్లప్పగించి చూసే కార్యక్రమం అది. దాన్ని మధ్యలో ఆపేసి కాల్గరీ ఒలింపిక్స్‌లో తోంబా స్లాలమ్ (జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం, రెండు పరుగుల సమయం కలిపి లెక్కిస్తారు) రెండో పరుగు చూపించారు. మొదటి పరుగు తర్వాత మూడో స్థానంలో ఉన్నవాడు 0.06 సెకన్ల తేడాతో స్వర్ణం కొట్టాడు. అదే ఒలింపిక్స్‌లో జెయింట్ స్లాలమ్ (జెండాలు ఇంకాస్త దూరదూరంగా ఉండే స్లాలమ్) స్వర్ణం కూడా అతనిదే. 1992లో అల్బెర్‌విల్‌లో జెయింట్ స్లాలమ్ మళ్లీ గెలిచి, ఒకే ఆల్పైన్ ఈవెంట్‌ను వరసగా రెండు ఒలింపిక్స్‌లో గెలిచిన మొదటివాడయ్యాడు.

థోయెనిది పూర్తిగా వేరే లోకం. 1951లో ఆల్ప్స్ పర్వతాల్లో, స్టెల్వియో కనుమ దారిలో ఉన్న త్రాఫోయ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అక్కడ ఇంట్లో మాట్లాడేది జర్మన్. మనిషి మితభాషి. విలేకరులకు అతనితో పెద్దగా పని జరిగేది కాదు, పొడిపొడి జవాబులే దొరికేవి. 18 ఏళ్లకే, 1969 డిసెంబర్‌లో, వాల్ దిజేర్‌లో తొలి ప్రపంచ కప్ రేసు గెలిచాడు. 1972 సప్పోరో ఒలింపిక్స్‌లో జెయింట్ స్లాలమ్ స్వర్ణం, స్లాలమ్ రజతం. 1974 సెయింట్ మోరిట్జ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆ రెండూ స్వర్ణాలే.

మొత్తం ప్రపంచ కప్ విజయాలు తోంబాకు 50, థోయెనికి 24. ఈ అంకె చూపించి వాదన ముగించేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకది సరిపోదు. తోంబా 50లో 35 స్లాలమ్, 15 జెయింట్ స్లాలమ్. ఈ రెండూ మలుపుల పందేలే. గంటకు వంద కిలోమీటర్లు దాటే డౌన్‌హిల్ జోలికి అతను పోలేదు. 1989లో సూపర్-జీ (మలుపులు తక్కువ, వేగం ఎక్కువ ఉండే పందెం) రేసులో పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాక వేగం పందేలకు దాదాపు దణ్ణం పెట్టేశాడు. ఫలితం? 1988, 1991, 1992ల్లో ఓవరాల్‌లో రెండో స్థానమే. 1992 సీజన్‌లో తొమ్మిది రేసులు గెలిచి కూడా, అన్ని రకాల్లోనూ పాయింట్లు పోగేసుకున్న స్విస్ ఆటగాడు పాల్ అకోలా వెనకే ఉండిపోయాడు. 1995లో మాత్రం ఆ రెండు ఈవెంట్లలోనే 11 గెలిచి టైటిల్ లాక్కున్నాడు. రెండు రకాల పందేలతోనే ఓవరాల్ కొట్టడం మామూలు విషయం కాదు, ఒప్పుకోవాల్సిందే.

థోయెని కూడా ప్రధానంగా మలుపుల మనిషే. కానీ అవసరమైతే డౌన్‌హిల్‌కీ దిగేవాడు. 1975లో ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్‌లో, ఆటగాళ్లందరినీ హడలెత్తించే స్ట్రైఫ్ వాలు మీద, డౌన్‌హిల్ రారాజు ఫ్రాంజ్ క్లామర్‌కు సొంత గడ్డ మీదే చెమటలు పట్టించాడు. చివరికి క్లామర్ గెలిచింది సెకనులో నూరోవంతు తేడాతో! ఓడిపోయిన ఆ రేసే నాకు థోయెని కెరీర్‌లో అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. ఆ సీజన్ చివర్లో థోయెని, క్లామర్, స్వీడన్ కుర్రాడు ఇంగెమార్ స్టెన్‌మార్క్, ముగ్గురూ సరిగ్గా 240 పాయింట్లతో ఆఖరి రేసుకొచ్చారు. వాల్ గార్డెనాలో, ఇద్దరిద్దరు పక్కపక్కనే దిగే ప్యారలల్ స్లాలమ్ అది. క్లామర్ ముందే అవుట్. ఫైనల్లో స్టెన్‌మార్క్‌ను ఓడించి థోయెని నాలుగో టైటిల్ పట్టుకెళ్లాడు. అంతకన్నా టెన్షన్ పెట్టిన ముగింపు ప్రపంచ కప్‌లో ఇంకోటి ఉందనుకోను.

కాలం తేడా కూడా చూడాలి. థోయెని నాటి స్లాలమ్ జెండా కర్రలు గట్టివి, వాటిని తప్పించుకుంటూ పోవాలి. అతను ఒక స్కీ మీద నుంచి ఇంకో స్కీ మీదికి అడుగు మార్చి తోసుకుంటూ వేగం రాబట్టేవాడు. తోంబా కాలానికి అడుగున కీలు ఉన్న ప్లాస్టిక్ కర్రలు వచ్చాయి, తగిలితే వంగి మళ్లీ లేస్తాయి. దాంతో మోకాళ్ల కింద ప్యాడ్లు కట్టుకుని, చేతుల్తో కర్రల్ని పడగొడుతూ తిన్నగా దూసుకుపోవచ్చు. తోంబా లాంటి బలశాలికి అది కలిసొచ్చింది.

ఒక్క పరుగులో అంతా తేలాలంటే నేనూ తోంబా వైపే. 1994 లిల్లెహామర్ స్లాలమ్‌లో మొదటి పరుగయ్యేసరికి 12వ స్థానం. రెండో పరుగులో ఒక్కరిని తప్ప అందరినీ దాటేసి రజతం తెచ్చుకున్నాడు, స్వర్ణానికి తక్కువైంది 0.15 సెకన్లు.  చలికాలం పొడవునా రకరకాల వాలుల మీద నిలకడగా గెలవాలంటే మాత్రం నా ఓటు థోయెనికే. ఇంకో మాట: 1989 నుంచి కొన్నేళ్లు తోంబాకు కోచ్‌గా ఉన్నది ఈ థోయెనే. తోంబా గెలిచిన ఆ ఒక్క ఓవరాల్ టైటిల్ కూడా ఆ రోజుల్లోదే.

ఇద్దరూ మగవాళ్లేగా అని ఎవరైనా అడిగితే, ఇటలీ మహిళా స్కీయర్ డెబోరా కంపన్యోని పేరు చెప్తాను. 1992లో సూపర్-జీ, 1994, 1998ల్లో జెయింట్ స్లాలమ్. మూడు వేర్వేరు ఒలింపిక్స్‌లో స్వర్ణం, ఈ ఇద్దరిలో ఎవరికీ లేని రికార్డు.