కాస్మోగ్రెయిల్ కాంతి వక్రాలు, పైసీఎస్3 సాఫ్ట్‌వేర్: ఒక సమీక్ష

గురుత్వ కటకం వల్ల, అంటే మధ్యనున్న గెలాక్సీ గురుత్వం కాంతిని వంచడం వల్ల, రెండుగానో నాలుగుగానో కనిపించే క్వాసార్ల (సుదూర గెలాక్సీల కేంద్రాల్లో అత్యంత ప్రకాశంగా వెలిగే వస్తువుల) వెలుగు ఏళ్ల తరబడి ఎలా హెచ్చుతగ్గులకు లోనవుతుందో స్వయంగా పరిశీలించాలనుకునేవారికి ఉచితంగా దొరికే సరంజామాలో, కాస్మోగ్రెయిల్ బృందం వెలువరించిన కాంతి వక్రాలకూ (కాలంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గీతలకూ), ఆ పనికోసమే రూపొందిన పైథాన్ సాఫ్ట్‌వేర్ పైసీఎస్3కీ నేను మొదటి స్థానం ఇస్తాను. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ సాంకేతిక విశ్వవిద్యాలయం నాయకత్వంలో 2004లో మొదలైన ఈ కార్యక్రమానికి ప్రధాన ఆధారం చిలీలోని లా సిల్లాలో ఉన్న 1.2 మీటర్ల ఆయిలర్ టెలిస్కోపు. లదాఖ్‌లోని హాన్లేలో ఉన్న మన 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు కూడా ఇందులో పాలుపంచుకుంది.

ఆయిలర్‌తో 15 ఏళ్లపాటు గమనించిన 23 వ్యవస్థల వక్రాలు 2020లో వెలువడ్డాయి. ఒకటి రెండు ఆర్క్‌సెకండ్ల (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) ఎడంలో ఉండే బింబాలు భూమి మీది టెలిస్కోపులో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కనుక, వాటిని గణితపరంగా విడదీసి ఒక్కో బింబపు మ్యాగ్నిట్యూడును (ప్రకాశపు కొలతను) దోష పరిమితితో సహా ఇవ్వడమే ఈ దత్తాంశంలోని అసలు శ్రమ. వీటిలో 18 వ్యవస్థలకే కాలవిలంబం (ఒక బింబంలో కనిపించిన మార్పు మరో బింబంలో కనిపించడానికి పట్టే వ్యవధి) లెక్కించగలిగామని, అందులోనూ తొమ్మిదింటికే 15 శాతం కంటే మెరుగైన కచ్చితత్వం వచ్చిందని బృందమే ప్రకటించింది. అమ్మకపు సరుకైతే ఈ లెక్క ప్రకటనలో ఎక్కడా కనిపించేది కాదు.

కొత్తవారు ఆర్‌ఎక్స్ జె1131-1231 అనే వ్యవస్థతో మొదలుపెట్టడం మంచిది. ఇందులో మూడు బింబాలు దాదాపు ఒకేసారి మారతాయి, నాలుగోది సుమారు 91 రోజుల తరువాత అదే మార్పును చూపుతుంది.

లోపమని చెప్పదగినది విరామాల సంగతి. ఏటా కొన్ని నెలలు సూర్యుడు ఆ దిక్కుకు చేరువగా ఉండడం వల్ల వక్రాలు తెగిపోతాయి, విలంబం ఆ విరామంతో సరితూగినప్పుడు ఒక బింబంలో కనిపించిన మలుపు రెండో బింబంలో కనిపించకుండానే పోతుంది. 1979లో దొరికిన తొలి కటక క్వాసార్ క్యూ0957+561 విషయంలో రెండు వేర్వేరు విలువల మధ్య ఏళ్లపాటు వాదం నడిచి, 1997లో గానీ 417 రోజులన్న విలువ స్థిరపడలేదు.

అందుకే పైసీఎస్3 విలంబంతో పాటు దాని అనిశ్చితిని లెక్కించే తీరు నాకు బాగా నచ్చింది. క్వాసార్ సొంత మార్పుకు అన్ని బింబాలకూ ఉమ్మడిగా ఒక స్ప్లైన్‌ను (ముక్కలు ముక్కలుగా అతికిన నునుపైన గీతను), మధ్యనున్న గెలాక్సీలోని నక్షత్రాలు ఒక్కో బింబపు వెలుగును విడిగా మార్చే మైక్రోలెన్సింగ్‌కు బింబానికొక విడి స్ప్లైన్‌ను అమర్చి, ఆపైన విలంబం ముందే తెలిసిన కృత్రిమ వక్రాలను తయారుచేసి తన పద్ధతిని తానే పరీక్షించుకుంటుంది. అయితే స్ప్లైన్ ముడుల (ఆ ముక్కలు కలిసే చోట్ల) మధ్య ఎడం ఎంత ఉండాలో నిర్ణయించవలసింది మనమే. ఎడం మరీ తక్కువైతే కొలత దోషాలు కూడా నిజమైన మార్పులుగా లెక్కలోకి వస్తాయి, మరీ ఎక్కువైతే అసలు మార్పే జారిపోతుంది. మీట నొక్కగానే జవాబు కావాలనుకునేవారికి ఇది విసుగు పుట్టిస్తుంది.

పైథాన్ రానివారికి అదే బృందం వారి డీ3సీఎస్ ఉంది, బ్రౌజర్‌లోనే వక్రాలను పక్కకూ పైకీ జరిపి కంటితో సరిపోల్చవచ్చు, తరగతి గదికి అది చాలు. అనిశ్చితి లెక్కదాకా వెళ్లదలచినవారు మాత్రం కృత్రిమ వక్రాల దశలో మామూలు ల్యాప్‌టాప్ చాలాసేపు పనిచేయవలసి ఉంటుందని ముందే తెలుసుకుని, తక్కువ వక్రాలతో ప్రయత్నించి చూసుకున్న తరువాతే పూర్తి స్థాయిలో నడపడం మేలు.