ప్రొడక్ట్ లేని ప్రొడక్ట్ ట్రైనింగ్

మేం ప్యాకింగ్ మెషిన్లు అమ్ముతాం. టీమ్‌లో పద్నాలుగు మంది. కొత్త మోడల్ వస్తోందని వాళ్లకి రెండు రోజుల సేల్స్ ట్రైనింగ్ కోసం నెల ముందే ఒక సంస్థతో మాట్లాడుకున్నాం. డెమో ఎలా ఇవ్వాలి, పోటీ మెషిన్‌తో పోల్చి అడిగితే ఏం చెప్పాలి, అంతా ఆ మోడల్ చుట్టూనే తయారైంది. వర్క్‌బుక్కులు కూడా అచ్చయి వచ్చేశాయి. తీరా ముందురోజు సాయంత్రం ఏడింటికి పైనుంచి మెయిల్: లాంచ్ వాయిదా.

వెంటనే ఆ సంస్థకి ఫోన్ చేశాను. "కేన్సిల్ చేసుకునే గడువు దాటిపోయిందండీ, కావాలంటే సెషన్ జనరల్‌గా చేసేస్తాం" అన్నారు. జనరల్ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. నవ్వుతూ పలకరించండి, కస్టమరే దేవుడు. దీనికోసం పద్నాలుగు మందిని రెండు రోజులు ఫీల్డ్‌కి పంపకుండా కూర్చోబెట్టాలా అని ఒకటే టెన్షన్.

తొమ్మిదిన్నరకి ట్రైనర్ మేడమే ఫోన్ చేశారు. ఓదార్పులేమీ లేవు. "ఈమధ్య చేజారిన డీల్స్ కాల్ రికార్డింగులు ఉంటే ఓ పది పంపండి సార్, కస్టమర్ల పేర్లు తీసేసి" అన్నారు.

మర్నాడు స్లైడ్లు తెరవనే లేదు. మొదటి రికార్డింగ్ మావాడిదే, చేరి ఎనిమిది నెలలైంది. అవతలాయన "మీ రేటు ఎక్కువండీ" అన్నాడు. ఆ మాట పూర్తయిందో లేదో మావాడు "పది పర్సెంట్ తగ్గిస్తాం సార్" అనేశాడు. మేడమ్ అక్కడ ఆపి, మళ్లీ వినిపించి, "ఆయన తగ్గించమని అడిగాడా?" అన్నారు. అడగలేదు. ఎక్కువన్నాడంతే. దేంతో పోలిస్తే ఎక్కువో మావాడూ అడగలేదు. తర్వాత ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. "రేటు ఎక్కువ" అని వినగానే నాలుగు సెకన్లు నోరు విప్పకూడదు. చేతిలో స్టాప్‌వాచ్. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న నేను రెండో సెకనుకే "అంటే సార్..." అని ఔటయ్యాను. టీమ్ అంతా ఒకటే నవ్వు.

మధ్యాహ్నం స్పిన్ ప్రశ్నలు. సేల్స్ పరిశోధకుడు నీల్ రాక్‌హామ్ బృందం 35,000 సేల్స్ కాల్స్ గమనించి తేల్చిన పద్ధతి: ముందు కస్టమర్ పరిస్థితి, తర్వాత సమస్య, దానివల్ల వచ్చే నష్టం, అది తీరితే కలిగే లాభం. స్లైడ్ల మీద ఎన్నోసార్లు చూసి మర్చిపోయిందే. కానీ ఈసారి పది కాల్స్‌లో ఏడు మొదటి మెట్టు మీదే ఆగిపోయాయని మా చెవులతో మేమే విన్నాం. ఏ మెషిన్ వాడుతున్నారు, ఎన్నేళ్లయింది, ఇవే. "అది మధ్యలో ఆగిపోతే ఆ రోజు ఆర్డర్లేమవుతాయి?" అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

రెండో రోజు అంత గొప్పగా లేదు. పొద్దున్నే నలుగురు క్లయింట్ అర్జెంటంటూ వెళ్లిపోతే జట్లు చెదిరాయి, మేడమ్ నన్నే మొండి కస్టమర్‌గా కూర్చోబెట్టారు. అది బాగానే నడిచింది గానీ భోజనాల తర్వాత సరుకు అయిపోయినట్టుంది, గంటసేపు మోటివేషన్ వీడియోలు వేశారు. వర్క్‌బుక్కులు అట్టపెట్టెల్లో అలాగే ఉన్నాయి. లాంచ్ ఆగింది మావల్ల కాబట్టి వాటి ఖర్చు గురించి నేనేమీ అనను. కానీ రెండు వారాలకి అన్న ఫాలో-అప్ కాల్‌ని సంస్థవాళ్లు రెండుసార్లు జరిపారు. అది మాత్రం వాళ్ల తప్పే.

ట్రైనర్‌కి అయిదు స్టార్లు, సంస్థకి రెండు. ఇద్దరికీ కలిపి ఒకటే రేటింగ్ వేయాలి కాబట్టి నాలుగు. బుక్ చేసేటప్పుడు ఎవరు వస్తారో పేరుతో సహా రాయించుకోండి.

ఫాలో-అప్‌లో మావాడి కొత్త కాల్ వినిపించాం. కస్టమర్ మళ్లీ "రేటు ఎక్కువ" అన్నాడు. మావాడు నిశ్శబ్దం. మూడో సెకనుకి అవతల్నుంచి "హలో, లైన్లో ఉన్నారా?" "ఉన్నానండీ. దేంతో పోలిస్తే ఎక్కువంటున్నారు?" ఆ డీల్ ఇంకా తేలలేదు.