బెంగళూరులో ఫిజిక్స్ డిగ్రీయా, బీటెక్కా?

ఇంటర్ అయ్యాక బెంగళూరు వచ్చే మన పిల్లలందరికీ ఇదే డౌటు.

ఖర్చు: బీఎస్సీకి తక్కువే, ప్రైవేట్ బీటెక్ అంటే లక్షల్లోనే.

కష్టం: బీటెక్‌లో ఫిజిక్స్ మొదటి ఏడాదితోనే దాదాపు అయిపోద్ది, ఫిజిక్స్ మేజర్‌లో మాత్రం క్లాసికల్ మెకానిక్స్, క్వాంటమ్, ఎలక్ట్రోడైనమిక్స్ అన్నీ లెక్కల మీదే నడుస్తాయి, ఫార్ములాలు బట్టీపట్టి ఇంటర్ గట్టెక్కినవాళ్ళకి హైడ్రోజన్ పరమాణువుకి ష్రోడింగర్ ఈక్వేషన్ (క్వాంటమ్‌కి మూలమైన సమీకరణం) సాల్వ్ చేసేటప్పుడు చుక్కలు కనిపిస్తాయి, ఇష్టం ఉన్నవాళ్ళకి అదే పండగ.

రిస్క్: బీటెక్‌కి నాలుగేళ్ళకే ప్లేస్‌మెంట్ ఛాన్స్. ఫిజిక్స్ వైపైతే జామ్ (ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీ సీటుకి రాసే ఎంట్రన్స్) రాసి ఎమ్మెస్సీ, తర్వాత పీహెచ్‌డీ, ఇంట్లోవాళ్ళు అన్నాళ్ళూ ఆగగలగాలి.

ఐఐఎస్‌సీలో (బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) నాలుగేళ్ళ బీఎస్ రీసెర్చ్ సీటొస్తే నేనైతే కళ్ళుమూసుకుని చేరమంటా. ఇంటికి త్వరగా జీతం కావాలంటే బీటెక్కే. ప్రాబ్లమ్ తేలేదాకా నిద్రపట్టని పిల్లలైతే ఫిజిక్సే తీసుకోండి, కోడింగ్ పక్కన నేర్చుకోవచ్చు.