అమ్మకానికి వచ్చిన ఆటల రేడియో: ప్రకటనలు ఇచ్చే దుకాణదారుడి సమీక్ష

అమలాపురంలో నాది ఆట సామాన్ల దుకాణం. జెర్సీలు, వాలీబాల్ నెట్లు అమ్ముతాను, షీల్డుల మీద, కప్పుల మీద పేర్లు చెక్కించి ఇస్తాను. మా చుట్టుపక్కల పోటీలకు ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష వ్యాఖ్యానం వినిపించే ఒక ఆటల రేడియోకు చాలాకాలంగా ప్రకటనలు ఇస్తున్నాను. ఇప్పుడు యజమాని దాన్ని అమ్ముతున్నారు. బేరం నడుస్తోంది కనుక పేరు రాయడం లేదు.

ఈ రేడియోకు ప్రాణం వ్యాఖ్యానం. చెప్పేది పదవీ విరమణ చేసిన డ్రిల్లు మాస్టారు. కబడ్డీ అయితే, కూతకు వెళ్లింది ఏ ఊరి కుర్రాడు, ఎదుట ఎంతమంది మిగిలారు, స్కోరెంత అన్నది ప్రతి కూతకూ చెబుతారు. ఎదురు జట్టులో ఆరుగురైనా ఉంటేనే, దాటితే అదనపు పాయింటు ఇచ్చే బోనస్ గీతకు విలువని తెలియనివారికి కూడా ఆయన మాటల్లోనే అది అర్థమైపోతుంది. జనం పాయింటు వచ్చేసిందని కేకలు పెడుతున్నా, రిఫరీ తేల్చేదాకా ఆయన తేల్చరు. అందుకే ఓడిన ఊరివాళ్లు కూడా ఆయన మాట నమ్ముతారు. ఆత్రేయపురం కాలువలో పడవ పోటీలకూ ఆయన ఇంత నిదానంగానే చెప్పారు.

వీడియోలు ఇన్ని ఉండగా ఇంకా రేడియో ఎందుకని తోటి వ్యాపారులు నన్ను అడుగుతారు. మన ఊళ్లో అర్ధరాత్రి ఫైనల్ మొదలైతే కువైట్‌లో రాత్రి తొమ్మిదిన్నర. అక్కడ ఇళ్లలో పనిచేసే మన కోనసీమ ఆడవాళ్లలో చాలామందికి అప్పటికి పని తెమలదు. ఫోను చేతిలో పట్టుకుని చూడలేరు, చెవిలో పెట్టుకుని వినగలరు. ఒకావిడ నాకు ఫోను చేసి, "అన్నయ్యగారూ, మా అమ్మాయి సూపర్ టాకిల్ చేసిందండీ, మాస్టారు దాని పేరు రెండుసార్లు చెప్పారు. డబ్బు పంపుతాను, దానికి మంచి బూట్లు ఇవ్వండి" అన్నారు. తమ జట్టులో కొద్దిమందే మిగిలినప్పుడు కూతకు వచ్చినవారిని పట్టేయడమే సూపర్ టాకిల్. నా దుకాణం ఫోను నంబరు ఆవిడకు ఆ రేడియోలోనే దొరికింది. నేను ఇచ్చిన ప్రకటనల్లో దేనికీ ఇంతకన్నా మంచి ఫలితం రాలేదు.

డేటా ఖర్చు కూడా తక్కువే. సెకనుకు 64 కిలోబిట్ల ప్రసారానికి గంటకు 29 ఎంబీ దాటదు. లంక గ్రామాల్లో వీడియో ఆగిపోయే చోట కూడా మాట వినబడుతుంది.

లోపాలున్నాయి. ప్రసారం అర నిమిషం దాకా ఆలస్యంగా వస్తుంది. అది సాంకేతికంగా తప్పనిది, సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ప్రకటనల తొక్కిడి. కబడ్డీలో రెండు సగాల మధ్య విరామం 5 నిమిషాలు. పండగ రోజుల్లో అందులో పట్టని ప్రకటనలను ఆట నడుస్తుండగానే చదివించారు. ఒక సెమీఫైనల్లో నా దుకాణం పేరు చదువుతుండగా ఆలౌట్, అంటే ఒక జట్టు మొత్తం బయటికి వెళ్లిపోవడం, అయిపోయింది. అదనంగా వచ్చిన రెండు పాయింట్ల దగ్గరే మ్యాచ్ తిరిగిపోయింది, వింటున్నవారికి మాత్రం ఆ ఘట్టం దక్కలేదు. నా ప్రకటన మానేసినా ఫరవాలేదు, ఆట మధ్యలో మాత్రం చదివించవద్దని మర్నాడే చెప్పి వచ్చాను. విరామంలో వేసే సినిమా పాటలకు హక్కుల కాగితాలు అడిగితే ఇంతవరకూ చూపించలేదు.

ఇక అమ్మకం. యజమాని 5 లక్షలు అడుగుతున్నారు. మిక్సరు, మైకులు, కంప్యూటరు, యాప్ ఇస్తామంటున్నారు. కొనేవారు ఒక్క సంగతి ఆలోచించాలి. ఎఫ్ఎం స్టేషనుకు ప్రభుత్వం వేలం వేసి 15 ఏళ్లకు ఇచ్చే అనుమతి ఉంటుంది. 2011 నాటి మూడో దశ విధానం స్థానిక పోటీల ప్రత్యక్ష వ్యాఖ్యానానికీ వీలు కల్పించింది. అమెరికాలో 1987 జులై 1న న్యూయార్క్‌లో పూర్తిగా ఆటల కోసమే మొదలైన డబ్ల్యూఎఫ్ఏఎన్ అనే రేడియో స్టేషను 1992లో 7 కోట్ల డాలర్లకు చేతులు మారింది. అక్కడ కొన్నవారికి శ్రోతలతో పాటు న్యూయార్క్‌లో ఒక ఫ్రీక్వెన్సీ కూడా దక్కింది. ఇంటర్నెట్ రేడియోకు అలాంటి ఆస్తి ఏదీ లేదు. రేపు ఇదే ఊళ్లో మరొకరు ఇదే పని మొదలుపెడితే ఆపగలిగే కాగితం ఎవరి దగ్గరా ఉండదు.

మరి 5 లక్షలకు వచ్చేదేమిటి? మాస్టారు, ఆయన్ను నమ్మే ఊళ్లు, మైదానంలో చోటిచ్చే టోర్నమెంటు కమిటీలు. వీటిలో దేనికీ రాతపూర్వక ఒప్పందం లేదు. కమిటీల అనుమతి నోటిమాటే. మాస్టారికి మ్యాచ్‌కు ఇంత అని చేతికి ఇచ్చే డబ్బు తప్ప మరేమీ లేదు. కొనడానికి వచ్చిన ఒకరు పోటీలు తగ్గించి రోజంతా పాటలు వేద్దామన్నారట. పాటలు వినడానికి వేయి దారులున్నాయి. ముమ్మిడివరం అమ్మాయిల జట్టు స్కోరు చెప్పే దారి ఇదొక్కటే.

మాస్టారికి ఆదాయంలో వాటా రాసిచ్చి, కమిటీలతో కనీసం మూడేళ్ల ఒప్పందాలు చేసుకుని చూపిస్తే 5 లక్షలు న్యాయమైన ధరే. అవి లేకుండా అయితే పాత సామాను ధరే ఇవ్వండి. యజమానికీ ఇదే చెప్పాను. "కాగితాలు రాయిస్తే మాస్టారు బెట్టు చేస్తారేమో బాబాయ్" అన్నాడు. ఆయన ఏనాడూ రేటు పెంచమని అడగలేదని గుర్తుచేశాను.

ప్రకటనలు ఇచ్చేవారికి మాత్రం ఈ రేడియోను ధైర్యంగా సిఫారసు చేస్తాను. టోర్నమెంటుకు 3,000 రూపాయలు తీసుకుంటారు, విరామంలో చదివితే అంతకు తగిన ఫలితం వస్తుంది. వచ్చే సంక్రాంతికి నేను డబ్బు కట్టేశాను. ఆట మధ్యలో చదవకూడదనీ, మాస్టారు చెప్పే మ్యాచ్‌లకే ఈ డబ్బు వర్తిస్తుందనీ రసీదు మీద రాయించుకున్నాను.