ఆరేళ్ల ఏఎంటీ బండీ, నా ఎడమ మోకాలూ

మైలేజీ, డిక్కీ, టచ్ స్క్రీనూ అందరూ చెప్పేసినవే, నాది ఒక్క గేర్‌బాక్స్ గొడవే. 2019లో రిటైరవగానే ఏఎంటీ బండి, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే కారు, తీసుకున్నా, ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వట్లేదని. బెంగళూరు ట్రాఫిక్‌లో ఇది వరమేనని ఊదరగొట్టి మా బంధువుల్లో ఇద్దరిచేత కూడా కొనిపించా.

ఆరేళ్లుగా ఒకటే లెక్క. పొద్దున 5:30కి బనశంకరి నుంచి లాల్‌బాగ్, మూడు రౌండ్లు, అక్కడి పెద్ద బండరాయి కింద మా హిందూపురం బ్యాచ్‌తో కబుర్లు, వచ్చేప్పుడు గాంధీ బజార్‌లో ఆకుకూర.

మొన్న జూలైలో సౌత్ ఎండ్ సర్కిల్ సిగ్నల్లో గ్రీన్ పడింది, బ్రేక్ వదిలా, బండి కదల్లేదు. మీటర్లో గేరు చూపించే చోట లైటు మిణుకుమిణుకుమంటోంది, పైగా బీప్ బీప్‌మని గోల. ఆఫ్ చేసి ఆన్ చేస్తే అసలు స్టార్టే అవ్వలేదు. ఒక పాలవాడూ ఇద్దరు ఆటోవాళ్లూ దిగి తోశారు, గేర్ లివర్ న్యూట్రల్లోనే ఉంది, అయినా ఇంచి జరగదు. "హ్యాండ్‌బ్రేక్ తీయండి సార్" అని ఒకతను విసుక్కున్నాడు, తీసే ఉంది నాయనా! బండిని ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీ వచ్చేసరికి గంటన్నర, అంతసేపూ వెనక హారన్లు.

తర్వాత మెకానిక్ చెప్పాడు, లివర్ ఒట్టి స్విచ్చేనట, క్లచ్ నొక్కేదీ గేరు మార్చేదీ యాక్చుయేటర్ అనే భాగం, అది పోతే గేరు ఎక్కడుంటే అక్కడే ఇరుక్కుంటుంది. పాత మాన్యువల్ బండైతే చేత్తో న్యూట్రల్‌కి లాగి పక్కకి తోసేసేవాణ్ణి. నా చేతికీ గేరుకీ సంబంధమే లేదని ఆరేళ్లకి తెలిసిందన్నమాట.

17 రోజులు వర్క్‌షాపు, 41 వేలు బిల్లు. మొదటి వారం ఇంట్లోనే పేపర్ తిరగేస్తూ కూర్చున్నా, "కారు పోతే కాళ్లు కూడా పోయాయా" అంది మా ఆవిడ. ఎనిమిదో రోజు మెట్రో ఎక్కా, బనశంకరి నుంచి నాలుగో స్టేషనే లాల్‌బాగ్, ఇన్నేళ్లూ తట్టనే లేదు చూడండి. మా బ్యాచ్ వాళ్లైతే 300 కోట్ల ఏళ్ల బండ బానే ఉంది, నీ ఆరేళ్ల బండే పోయిందా అని ఒకటే నవ్వు.

తప్పులో నాకూ వాటా ఉందిలెండి. పెద్ద సిగ్నల్లో కూడా డి (డ్రైవ్)లోనే పెట్టి బ్రేక్ తొక్కి ఉంచేవాణ్ణి, ఫ్లైఓవర్ ఎక్కుడులో యాక్సిలరేటర్‌తోనే నిలబెట్టేవాణ్ణి, అలా చేస్తే క్లచ్ వేడెక్కి అరుగుతుంది. ఇప్పుడు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్. గేరు ఒకటి నుంచి రెండుకి పడేప్పుడు తల ఊగుతుందని మా ఆవిడ మొదట్నించీ అంటూనే ఉంది, అదీ నిజమే.

మోకాలు బాగుండి రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ జామ్‌లో పడేవాళ్లకి ఇది కొనమని చెప్పను. నాలా రోజుకి పది కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఫర్లేదు, నేను కూడా వారానికి మూడ్రోజులు మెట్రోలోనే పోతున్నా. కొనిపించిన ఇద్దర్లో ఒకడు మొన్న ఫోన్ చేసి "మామా, ఫ్లైఓవర్ మీద ఏదో కాలిన వాసనొస్తోంది" అన్నాడు, ఈ కథంతా చెప్పక తప్పలేదు.